చాపల బడి

బేకరీ మేడ మీద,
జనవరి 12.

వదినకి, నీ ఆడపడుచు నమస్కారాలు.

నిన్న పంతొమ్మిదో బడి తెరిచాం. కోతలు కొయ్యడం లేదు వదినా, చేతివేళ్ళు చాలక కాలివేళ్ళు కూడా కలుపుకుని లెక్కపెట్టాను.

ఐదేళ్ళ కిందట ఈ దేశంలో దిగినప్పుడు నాకున్నది ఒక గది, ఆరుగురు పిల్లలు. కింద రొట్టెలు కాలే వేడికి మా గచ్చు వెచ్చగా ఉండేది. పిల్లలు బూట్లు విప్పేసి తిరిగేవాళ్ళు. "బల్లల్లేవు, గంట లేదు, పరీక్ష లేదు, ఇదేం బడమ్మా?" అని వీధిలో వాళ్ళంతా మెట్లెక్కి తొంగిచూసి పోయేవాళ్ళు. ఎవరి చాప వాళ్ళు పరుచుకుని, ఎవరికి నచ్చిన పని వాళ్ళు చేసుకోవడం చూసి 'చాపల బడి' అన్నారు. వెక్కిరింపుకి పెట్టిన ఆ పేరే ఇప్పుడు పంతొమ్మిది బోర్డుల మీద ఉంది. నన్ను ఇక్కడికి పిలిపించిన డాక్టరమ్మ గుర్తుందిగా, అన్ని బళ్ళకీ కలిపి ఒక సమాఖ్య పెట్టి ఆవిడే నడిపిస్తోంది. చంటిపిల్లల డాక్టరు కదా, ఊళ్ళో సగం ఇళ్ళు ఆవిడ మాట వింటాయి.

కానీ జనాన్ని కదిలించింది డాక్టరమ్మా కాదు, నేనూ కాదు. మన చెంబు, నీ కూతురు. ఏ ఊళ్ళో మీటింగు పెట్టినా ముందు దాని కథే చెబుతాను. నాలుగేళ్ళ పిల్ల, అక్కడ మన ఊరి బడిలో చేరిన మొదటి పదకొండు రోజులూ ఇంకేదీ ముట్టకుండా ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి నీళ్ళు వంపుకుంటూ కూర్చుంది. పిల్లకి బుద్ధి ఎదగలేదేమోనని మీ అమ్మ ఏడ్చింది. నేను మాత్రం ఎవర్నీ దాని జోలికి పోనివ్వలేదు. పన్నెండో రోజు ఒక్క చుక్క ఒలక్కుండా వంపి, తడి వేలితో గచ్చు మీద 'నీళ్ళు' అని రాసింది. ఆ తర్వాత నీ ఉత్తరం తీసి వాళ్ళ భాషలో చదువుతాను. 'పెద్దబళ్ళో కూడా చెంబు బాగా చదువుతోంది, టీచర్లు మెచ్చుకుంటున్నారు' అని రాశావే, అది. అక్కడికి తల్లులందరూ కళ్ళు తుడుచుకుంటారు.

అసలు సంగతికొస్తాను. జూన్‌లో సమాఖ్య పెద్ద సభ. చెంబుని వేదిక మీద చూడాలని అందరూ అడుగుతున్నారు. పదహారేళ్ళ పిల్ల నిలబడి నాలుగు మాటలు చెబితే చాలు. టికెట్టు వాళ్ళే పంపుతారు. నువ్వూ రా.

అన్నయ్యని పిల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చుకునే పది చెక్కదిమ్మల సెట్టు ఒకటి చేసిమ్మని చెప్పు. ఇక్కడ మిషను మీద కోసిన దిమ్మల అంచులు పిల్లల వేళ్ళకి గుచ్చుకుంటున్నాయి. అన్నయ్య చేసిన దిమ్మ చెంపకి ఆనించుకోవచ్చు.

నీ
ఆడపడుచు


షెడ్డు,
ఫిబ్రవరి 2.

చిరంజీవి మరదలికి,

నీ ఉత్తరం అందింది. పంతొమ్మిది బళ్ళా! ఇంట్లో ఉన్నన్నాళ్ళూ కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టావో మర్చిపోయే మనిషివి, పంతొమ్మిది తాళంచెవులు ఎలా గుర్తుపెట్టుకుంటున్నావో ఏమో.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అన్నయ్యకి ఊపిరాడనంత పని. ఎవరో అపార్ట్‌మెంటు కడుతున్నారు, తొంభై కిటికీలకి చట్రాలు కావాలట. దిమ్మలు ఇప్పుడు కుదరవేమో. సరైన చెక్క కూడా దొరకడం లేదంటున్నాడు. నేను రంగులు వేస్తూ, మధ్యలో ఈ ఉత్తరం రాస్తున్నాను, అంటుకున్న పచ్చరంగు మరకలకి ఏమనుకోకు.

చెంబు రావడం కష్టం అమ్మాయ్. చదువు ఒత్తిడి ఎక్కువగా ఉంది. జూన్ అంటే వాళ్ళకి పరీక్షలో ఏవో ఉంటాయి. ఇదిగో, ఇక్కడే నా పక్కన కూర్చుని చట్రానికి గరుకు కాగితం రుద్దుతోంది. అత్తకి ఏమైనా రాస్తావా అంటే తల ఊపింది, రాయనని.

నువ్వు వేళకి తింటున్నావా? రొట్టెల వాసనతోనే కడుపు నింపుకోకు.

మీ వదిన


బేకరీ మేడ మీద,
ఫిబ్రవరి 27.

వదినా,

నీ ఉత్తరం మీద తేదీ చూసి క్యాలెండరు తీశాను. ఫిబ్రవరి రెండు మంగళవారం. మంగళవారం పగటిపూట చెంబు షెడ్డులో ఎందుకుంది? బడి ఎగ్గొట్టిందా? ఎగ్గొడితే మంచిదేలే, అత్త పోలికే.

పరీక్షలదేముంది, ఒక వారం పోతే కొంపలు మునగవు. పాస్‌పోర్టు పని మొదలుపెట్టు. డాక్టరమ్మ రోజూ అడుగుతోంది. ఆవిడ ఒక మాట అంది: "వీళ్ళు ఇంకా పిల్లలు, పెద్దయ్యాక ఏమవుతారని అడిగితే చూపించడానికి మనకి ఎవరున్నారు? ఆ అమ్మాయి ఒక్కతే." నిజమే కదా. ఇక్కడ నా దగ్గరున్న పిల్లల్లో పెద్దదానికి పదకొండేళ్ళు.

ఇంకో సంగతి. దక్షిణాన సముద్రం పక్క ఊళ్ళో టీచర్లకి శిక్షణ కేంద్రం పెడుతున్నారు. దాన్ని నన్నే నడపమన్నారు. సెప్టెంబరులో వెళ్ళాలి. ఏడాదికి నలభై మంది టీచర్లు తయారైతే ఇంకో నలభై గదులు! ఈ మేడ మీది బడిని నా దగ్గర నేర్చుకున్న అమ్మాయికి అప్పజెబుతాను. నెమ్మదస్తురాలు, పిల్లల మీద గొంతు లేపదు.

బేకరీ ఆయన కూతురికి ఏడేళ్ళు. నిన్న ఈ కబురు ఎలా తెలిసిందో, నా పక్కన చతికిలబడి "నువ్వెళ్ళిపోతే నేను చేసేది ఎవరు చూస్తారు?" అంది. ఎవరూ చూడక్కర్లేకుండా చేసుకోవడమే మన బడి అని చెప్పాను. "చూడక్కర్లేదు, కానీ నువ్వు ఉండాలి" అని లేచిపోయింది. ఏడేళ్ళ పిల్ల మాట! రాసిపెట్టుకున్నాను. మీటింగుల్లో చెప్పడానికి బాగుంటుంది.

టికెట్లు వచ్చే వారం పంపుతున్నారు.

నీ
ఆడపడుచు


షెడ్డు,
మార్చి 20.

మరదలికి,

టికెట్లు అందాయి. తిప్పి పంపుతున్నాను. చెంబు రాదు. మళ్ళీ అడగొద్దు.

మీ వదిన


బేకరీ మేడ మీద,
ఏప్రిల్ 6.

వదినా,

నాలుగు ముక్కలు రాసి టికెట్లు మొహాన కొట్టినట్టు పంపావు. నేనేం తప్పు చేశాను?

అన్నయ్య వద్దన్నాడా? ఐదేళ్ళలో నాకు ఒక్క అక్షరం రాయలేదు, ఒక్క దిమ్మ చేసి పంపలేదు. నేను ఇక్కడ నలుగురిలో పైకొస్తే ఆయనకేం నొప్పి? లేకపోతే నీకే ఇష్టం లేదా? చెంబు నీ కడుపున పుట్టి ఉండొచ్చు. కానీ ఏడేళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా కళ్ళ ముందు పెరిగింది. దాని మీద నాకూ హక్కుంది.

సభలో ఆ అమ్మాయి మాట్లాడుతుందని కార్డులు అచ్చయిపోయాయి. డాక్టరమ్మకి ఏం చెప్పమంటావు? కారణం చెప్పు. ఏదో ఒకటి చెప్పు.


షెడ్డు,
ఏప్రిల్ 25.

మరదలికి,

కారణం అడిగావు కాబట్టి చెబుతున్నాను. కూర్చుని చదువు.

నువ్వు వెళ్ళిన ఏడో నెలకి, నువ్వు పెట్టి వెళ్ళిన టీచరమ్మ మానేసింది. ఆ సంగతి నీకు అప్పుడే రాశాను. గది మూతపడింది, పదిహేడు మంది పిల్లలూ పెద్దబళ్ళో చేరాల్సి వచ్చిందని కూడా రాశాను. 'బాధగా ఉంది, కానీ మన పిల్లలు ఎక్కడైనా బతికేస్తారు' అని జవాబిచ్చావు. మీ అన్నయ్య ఆ ముక్క చదివి, ఉత్తరం మడిచి నా చేతికిచ్చి, రంపం తీసుకుని పనిలో పడ్డాడు. ఆ రోజు నుంచి దిమ్మలు చెయ్యడం మానేశాడు. చెక్క దొరక్క కాదు.

పెద్దబళ్ళో మొదటిరోజు చెంబుకి దాహమేసింది. లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చి కూర్చుంది. అంతే అది చేసింది. గోడ దగ్గర నిలబెట్టారు. ఎందుకు నిలబెట్టారో దానికి తెలియలేదు, తెలియనిది అడగమని నువ్వు నేర్పావు కాబట్టి వెళ్ళి ఆ టీచరునే అడిగింది. ఎదురు మాట్లాడుతోందని సాయంత్రం దాకా నిలబెట్టారు.

పరీక్ష పెట్టారు. ఒక లెక్క దగ్గర ఆగిపోయి దాన్నే నాలుగు రకాలుగా చేసి, మిగతావి ముట్టకుండా ఇచ్చేసింది. ఆ కాగితం చూస్తే నాకు ముచ్చటేసింది. వాళ్ళు రెండు తరగతులు కిందకి దించారు. పన్నెండేళ్ళ పిల్ల, చిన్నపిల్లల బల్లలో మోకాళ్ళు పట్టేవి కావు. దాని ముద్దుపేరు ఎవరి నోటంట తెలిసిందో, రోజూ పొద్దున్నే బల్ల మీద ఏదో ఒక ఖాళీ గిన్నె బోర్లించి ఉండేదిట.

మొదటి ఏడు ఇంటికొచ్చి ఏడ్చేది. రెండో ఏడు ఏడవడం మానేసింది. హమ్మయ్య, అలవాటు పడిందనుకున్నాను. అది మానేసింది ఏడవడం కాదు, మాట్లాడటం. కన్నతల్లిని, అది తెలుసుకోవడానికి నాకు ఇంకొక ఏడాది పట్టింది. పద్నాలుగో ఏట ఒక పొద్దున బూట్లు వేసుకుని, సంచి తగిలించుకుని గుమ్మం దాకా వచ్చి అక్కడే కూర్చుండిపోయింది. లాగాను. బతిమాలాను. ఒక దెబ్బ కూడా వేశాను. ఆ రోజు నుంచి అది వీధి తలుపు దాటలేదు.

ఇప్పుడు పొద్దస్తమానం పెరటి షెడ్డులో నాన్న పక్కన కూర్చుని చెక్కలు రుద్దుతుంది. నున్నగా అయ్యాక కూడా రుద్దుతుంది. పలచబడి పనికిరాకుండా పోయినా ఆయన ఆపడు. వారానికి పది మాటలు మాట్లాడితే గొప్ప. ఈ పిల్లని నువ్వు వేదిక ఎక్కించమంటున్నావు.

అందరికీ ఇలా జరగలేదు. కవల పిల్లలిద్దరూ బాగానే ఇమిడిపోయారు. చిన్నప్పుడే వచ్చి చేరిన వాళ్ళు కొందరు ఏడాది తిరిగేసరికి మన బడినే మర్చిపోయారు. కాబట్టి నువ్వు నేర్పింది తప్పని నేననను. ఆ పిల్ల మొహంలో అప్పుడున్న వెలుగు నేను చూశాను, అది అబద్ధం కాదు. కానీ ఇంకెక్కడా చెల్లని బతుకు దానికి నేర్పి, అది సగంలో ఉండగా నువ్వు వెళ్ళిపోయావు.

మరి 'బాగా చదువుతోంది' అని ఎందుకు రాశావంటావు. నీ సంతోషం చెడగొట్టడం ఇష్టం లేకపోయింది. అదొకటి. రెండోది నాకే సిగ్గుగా ఉంది చెప్పడానికి. ఆ మాటలు రాస్తున్నంత సేపూ అవి నిజమనిపించేవి. ఏడాదికి ఒకసారి, ఒక పావుగంట. నువ్వు వాటిని ఊరూరా చదివి వినిపిస్తున్నావని తెలిస్తే రాసేదాన్ని కాదు.

మీ వదిన


బేకరీ మేడ మీద,
జూలై 4.

వదినా,

ఇంతకాలం రాయలేదు. ఎనిమిది కాగితాలు మొదలుపెట్టి చింపేశాను. క్షమించమని రాస్తే అది నీకు ఇంకో పని చెప్పడమే అవుతుంది. అందుకని ఏం జరిగిందో మాత్రం రాస్తాను.

చెంబు రావడం లేదని డాక్టరమ్మకి చెప్పాను. ఎందుకో చెప్పలేదు. అయితే ఆ కథ మీరే చెప్పండి, మీరు చెబితేనే బాగుంటుంది అంది. సరే అన్నాను. అవును, సరే అన్నాను. సభ రోజు పొద్దున దాకా ఎప్పటిలాగే చెప్పేద్దామనే అనుకున్నాను.

నాలుగువందల మంది. పదకొండు రోజులూ చెప్పాను, పన్నెండో రోజు చెప్పాను. చప్పట్లు మొదలయ్యాయి. నీ పాత ఉత్తరం తియ్యడానికి సంచిలో చెయ్యి పెడితే రెండూ చేతికొచ్చాయి. ఏప్రిల్ ఉత్తరం తీసి చదివాను. మొత్తం చదివాను, నీ సిగ్గు సంగతి తప్ప. నిన్ను అడగలేదు, దానికైనా నువ్వు నన్ను తిట్టాలి.

చదవడం అయ్యాక ఒక తండ్రి లేచాడు, పోస్టుమ్యాను, ఇద్దరు పిల్లలు మా బళ్ళో ఉన్నారు. "మా పిల్లలకి ఇలా జరగదని మీరు మాటివ్వగలరా?" అని అడిగాడు. కోపంగా కాదు, మామూలుగా. ఇవ్వలేనన్నాను. వాళ్ళు పెద్దయ్యేదాకా నేను ఇక్కడే ఉంటాను, అంతవరకే చెప్పగలనన్నాను. శిక్షణ కేంద్రానికి వెళ్ళనని కూడా అక్కడే చెప్పేశాను. ముందే నిర్ణయించుకున్నది కాదు, నోట్లోంచి వచ్చేసింది.

తర్వాత డాక్టరమ్మ నన్ను పక్కకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. "మీరు అలసిపోయారు. ఒక్క అమ్మాయికి ఇలా అయిందని నాలుగొందల మంది పిల్లల తల్లిదండ్రుల్ని బెదరగొడతామా? ఈ పిల్లలకి ఇక్కడ ఏడుపు లేదు, దెబ్బ లేదు. అది తక్కువా?" అంది. తక్కువ కాదు. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

బయటికొచ్చేసరికి గుమ్మం దగ్గర అందరికీ సమాఖ్య కొత్త పుస్తకం పంచుతున్నారు. మూడో పేజీలో చెంబు కథ ఉంది. కింద నీ పాత ఉత్తరం. రెండువేల కాపీలు వేశారట.

నీ ఆడపడుచు


షెడ్డు,
ఆగస్టు 1.

మరదలికి,

నా కడుపులో మాట నాలుగువందల మంది ముందు చదివావని తెలిసి ఒళ్ళు మండింది. రెండు రోజులు నిన్ను తిట్టుకుంటూ వండాను, రెండు రోజులూ కూరలో ఉప్పెక్కువైంది. మీ అన్నయ్య మజ్జిగ పోసుకుని తిన్నాడు.

మూడో రోజు షెడ్డులో కూర్చుని నీ ఉత్తరం పైకి చదివాను. చెంబు ఉంది. నువ్వు సభలో చదివిన చోటికి వచ్చేసరికి రుద్దడం ఆపింది. "అందరికీ చెప్పిందా?" అని అడిగింది. చెప్పిందన్నాను. "గోడ దగ్గర నిలబెట్టింది కూడానా?" అంది. అది కూడా అన్నాను. మళ్ళీ రుద్దడంలో పడింది. అంతకుమించి ఏం జరగలేదు. వీధి తలుపు తియ్యలేదు, నన్ను పట్టుకుని ఏడవలేదు. ఏదో అయిపోతుందని నేను మాత్రం సాయంత్రం దాకా పనిమానుకుని దాని మొహమే చూస్తూ కూర్చున్నాను.

ఆ పుస్తకాలు వెనక్కి తెప్పించే దారి లేదా? కుదరదనే తెలుసు, ఊరికే అడుగుతున్నాను.

ఇంక అక్కడెందుకు, తిరిగొచ్చెయ్. ఇల్లు నీదే. మీ అన్నయ్య ఈ మాట నోటితో అనలేదు, కానీ నేను రాస్తానంటే కాదనలేదు.

మీ వదిన


బేకరీ మేడ మీద,
అక్టోబరు 19.

వదినా,

రాలేను. చెబుతాను ఎందుకో.

సభ అయ్యాక తొమ్మిది మంది పిల్లల్ని మాన్పించేశారు. పోస్టుమ్యాను మాన్పించలేదు. ఇరవైరెండు మందిలో పదమూడు మంది మిగిలారు. తర్వాత సమాఖ్య వాళ్ళు తనిఖీకి వచ్చారు. బడి గదికి రెండు దారులుండాలి, మెట్లు ఇంత వెడల్పుండాలి, ఒక్కో పిల్లకి ఇంత చోటుండాలి. ఈ గదికి ఏదీ లేదు. పగబట్టి చేశారని అనలేను. ఆ నియమాలు రాసిన కమిటీలో నేనూ ఉన్నాను, సగం వాక్యాలు నావే. రెండేళ్ళ కిందట వేరే ఊళ్ళో ఇలాంటి గదినే నేను సంతకం పెట్టి మూయించాను కూడా.

డిసెంబరు ఆఖరికి ఈ బడి మూతపడుతుంది. మిగతా పద్దెనిమిదీ నడుస్తాయి, ఈ ఏడాది ఇంకో ఐదు తెరుస్తున్నారు. ఇద్దరు పిల్లలకి వాటిల్లో చోటు దొరికింది. పదకొండు మందికి దొరకలేదు. వాళ్ళు జనవరిలో ఈ పేట పెద్దబళ్ళో చేరాలి. పన్నెండువందల మంది పిల్లలు, గంట, బల్లలు, గోడలు. నీకు వర్ణించక్కర్లేదు.

ఆ బడికి వెళ్ళి టీచరుగా తీసుకోమని అడిగాను. మన పట్టా ఇక్కడ చెల్లదట. వంటగదిలోనూ వరండాల్లోనూ ఆయా పని ఖాళీ ఉందన్నారు. భోజనాలు వడ్డించడం, బల్లలు తుడవడం, చిన్నపిల్లలు బట్టలు పాడుచేసుకుంటే కడగడం. చేరతానని చెప్పి వచ్చాను. డాక్టరమ్మకి తెలిసి ఇంటికొచ్చింది, "మీకిదేం ఖర్మండీ, మిమ్మల్ని చూసి మొదలుపెట్టిన వాళ్ళం మేమంతా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సమాఖ్య ఆఫీసులో కూర్చునే పని ఇస్తానంది. వద్దన్నాను.

ఇదేదో త్యాగం అనుకోకు వదినా. మీ పదిహేడు మందిని గేటు దాకా కూడా దిగబెట్టలేదు నేను. అంతే.

నీ ఆడపడుచు


షెడ్డు,
నవంబరు 11.

మరదలికి,

నువ్వు ఆయాగా చేరతావని చదివితే మీ అన్నయ్య లేచి బయటికెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక "చలిదేశం, మోకాళ్ళు జాగ్రత్తని రాయి" అన్నాడు. రాస్తున్నాను. ఐదేళ్ళ తర్వాత ఆయన నీకు పంపిన మొదటి మాట ఇది, దాచుకో.

ఇది మడిచి అంటించబోతుంటే చెంబు వచ్చి కాగితం లాక్కుంది. కింద ఉన్నది దాని రాత. అది పెన్ను పట్టుకుని రెండేళ్ళయింది, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

మీ వదిన

అత్తా,
ఇంకా నెలన్నర ఉంది కదా. వాళ్ళకి లైన్లో నిలబడటం నేర్పు. చెయ్యెత్తి అడగటం నేర్పు. తెలియని లెక్క వదిలేసి తర్వాతది చెయ్యడం నేర్పు. గంట కొడితే చేసే పని సగంలో ఆపెయ్యాలి. అన్నిటికంటే అది కష్టం. రోజూ చేయించు. టీచరు కోపంగా ఉంటే ఎందుకని అడగొద్దని చెప్పు. మాకు ఇవేవీ ఎవరూ చెప్పలేదు.


పెద్దబడి వంటగది వెనక,
జనవరి 9.

అమ్మలూ,

ఈ ఉత్తరం నీకు. ఆ పాత పేరుతో నిన్ను ఇంక పిలవను. అమ్మకీ నాన్నకీ చదివి వినిపిస్తావో లేదో నీ ఇష్టం.

నువ్వు రాసినవన్నీ నేర్పాను. బేకరీ గల్లాబల్ల మీది గంట అడిగి తెచ్చుకున్నాను. పిల్లలు చాపల మీద పనిలో మునిగి ఉండగా కొట్టాను. ఎవరూ తలెత్తలేదు. గంట వినబడితే ఆపాలని చెప్పాను. బేకరీ ఆయన కూతురు పూసలు గుచ్చుతోంది, ఇంకో పది గుచ్చితే దండ అయిపోతుంది. "అయ్యాక ఆపుతాను" అంది. ఇప్పుడే ఆపాలన్నాను. "ఎందుకు?" అంది. ఇరవై ఏళ్ళలో ఏ పిల్ల అడిగిన 'ఎందుకు'నీ నేను తోసెయ్యలేదు. ఆ రోజు 'ఎందుకో లేదు, ఆపాలంతే' అని దాని చేతిలోంచి దారం తీసేసుకున్నాను. వెక్కివెక్కి ఏడ్చింది. నేను వెనక్కి తిరిగి కిటికీ తుడిచాను, తుడిచిన కిటికీనే మళ్ళీ తుడిచాను.

రోజూ చేయించాను. గచ్చు మీద సుద్దముక్కతో గీత గీసి లైన్లో నిలబెట్టాను. మంచినీళ్ళకి చెయ్యెత్తించాను. రెండో వారానికి ఏడవడం మానేశారు. మూడో వారానికి నేను గంట వైపు నడుస్తుంటేనే చేతులు ఆగిపోయేవి. బాగా నేర్చుకున్నారు. పిల్లలు ఏదైనా నేర్చుకుంటారు, ఆ మాట నేనే నాలుగువందల మందికి చెప్పాను.

సోమవారం పెద్దబడి. పొద్దున గేటు దగ్గర ఆయాల నీలం కోటు వేసుకుని నేనూ ఉన్నాను. పదకొండు మందీ వేరే వేరే లైన్లలో కలిసిపోయారు. సాయంత్రం దాకా వరండాలు తుడుస్తూ ప్రతి తరగతి ముందూ ఆగి చూశాను. ఒక్కరిని కూడా గోడ దగ్గర నిలబెట్టలేదు. నీవల్లే. ఇది నీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

మధ్యాహ్నం భోజనాల దగ్గర బేకరీ ఆయన కూతురు నా లైన్లోకి వచ్చింది. పళ్ళెం కింద పెట్టి చెయ్యెత్తింది. ఏం కావాలన్నాను.

"లేసు ఊడిపోయింది. కట్టుకోవచ్చా?" అని అడిగింది.

మూడేళ్ళ వయసు నుంచి తన లేసు తనే కట్టుకుంటున్న పిల్ల. కట్టుకోమన్నాను.

మీ
అత్త